అక్కడక్కడ అంటే ఎక్కడ?

2023 ఏప్రిల్ నెలాఖరు. కోరుట్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మా చిన్నబాపు రేడియో వింటున్నాడు. ఆయన యాసంగి వడ్లు అప్పటికి తొమ్మిది రోజులుగా కొనుగోలు కేంద్రంలో కుప్పపోసి ఉన్నాయి. తేమ పదిహేడు శాతానికి దిగితే తప్ప కాంటా పెట్టరు. తేమ దిగాలంటే ఎండబెట్టాలి. ఎండబెట్టాలంటే ఆకాశం కింద పరచాలి. వార్తల చివర వాతావరణం వచ్చింది. సముద్రం అలజడిగా ఉంటుందనీ, గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయనీ, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదనీ చెప్పి, తెలంగాణలో అక్కడక్కడ ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చునని ముగించారు.

"సముద్రంల వొయ్యెటోళ్ళకు గంత మంచిగ జెప్తున్నరు గని, మనకేం జెప్పిండ్రురా? అక్కడక్కడ అంటే యాడ?" అని అడిగాడు చిన్నబాపు.

నేను జవాబు చెప్పలేదు. ఆ సాయంకాలం ఐదు గంటలకు జవాబు దానంతట అదే వచ్చింది. మొదట గాలి, తరువాత రాళ్ళవాన. పరదాలు లేచి పక్క చేలో పడ్డాయి. అరగంటలో అంతా అయిపోయింది. నాలుగోనాటికి కుప్ప అడుగున వడ్లు మొలకెత్తాయి. ఆ యేడు రాళ్ళవాన దెబ్బకు జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ జిల్లాల్లో ఇట్లా దిక్కులు చూసిన వాళ్ళు ఎందరో లెక్కలేదు. ఇంతకాలం గడిచినా ఆయన ప్రశ్న నన్ను వదలలేదు కనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సముద్రం మీదికి పోయేవారికి ఇచ్చే హెచ్చరిక మీద నాకు అసూయ లేదు. అది ఎవరూ దానంగా ఇచ్చింది కాదు. 1864లో కలకత్తాను తుఫాను ముంచెత్తిన మరుసటి యేడే ఆ రేవుకు తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి. దేశమంతటికీ వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. రేవులన్నింటికీ ఒకే రకమైన సంకేతాలు 1898లో వచ్చాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయిన తరువాత గాని హెచ్చరికను ఊరి గడప దాకా చేర్చాలన్న పట్టుదల మనకు రాలేదు. చెన్నపట్నం నుండి విశాఖ దాకా రేవుల్లో ఎగిరే ఆ జెండాల వెనుక అంత చావు ఉంది. కనుక దానిని తగ్గించమని ఎవరూ అడగరు. నేను అడిగేది, ఆ హెచ్చరిక ఎట్లా మాట్లాడుతుందో అట్లా మాతోనూ మాట్లాడమని మాత్రమే.

ఎట్లా మాట్లాడుతుందో చూడండి. రేవులో ఎగరవేసే సంకేతాలు పదకొండు. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఏదో పుట్టిందని చెబుతాయి. మూడు, నాలుగు అయితే రేవుకే గాలి ముప్పు ఉందని. ఐదు నుండి ఏడు దాకా ప్రమాదం. ఎనిమిది నుండి పది దాకా మహాప్రమాదం. అందులోనూ తుఫాను రేవుకు ఎడమగా దాటుతుందా, కుడిగా దాటుతుందా, మీదుగానే పోతుందా అన్నది నంబరును బట్టి తెలుస్తుంది. చదువురాని వాడు కూడా ఆ నంబరు విని పడవను ఒడ్డుకు లాగుతాడు. మత్స్యకారుల హెచ్చరికలో నాలుగు సంగతులు తప్పక ఉంటాయి: ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఏం చెయ్యాలి. ఈ నాలుగూ ఉంటేనే అది హెచ్చరిక. లేకపోతే అది సమాచారం, అంతకన్నా కాదు.

ఇప్పుడు మా వంతుకు వచ్చేది చూడండి. "ఉత్తర తెలంగాణ జిల్లాల్లో అక్కడక్కడ ఈదురుగాలులతో కూడిన వర్షం కురిసే అవకాశం ఉంది." ఎవరికి? లేదు. ఏ మండలం? లేదు. ఏ గంట? లేదు. ఏం చెయ్యాలి? అదీ లేదు. "అక్కడక్కడ" అన్నది ఏదో నోటికి వచ్చిన మాట అనుకునేరు, కాదు. వాతావరణ శాఖ పరిభాషలో దానికొక లెక్క ఉంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగోవంతుకు మించకుండా వాన పడితే "అక్కడక్కడ". సగం దాకా అయితే "కొన్నిచోట్ల". మూడువంతుల దాకా "చాలాచోట్ల". ఆపైన దాదాపు అన్నిచోట్లా. లెక్క శాస్త్రీయమైనదే. కానీ అది వాన ఎంత మేర పరచుకుంటుందో చెప్పే లెక్క. ఎవరి నెత్తిన పడుతుందో చెప్పేది కాదు. నాలుగోవంతులో తన కల్లం ఉందో లేదో రైతుకు తెలియదు. లెక్క కట్టినవారికి అక్కరకొచ్చే మాటను వినేవారికి యథాతథంగా అప్పగించి, చెప్పేశామని చేతులు దులుపుకుంటున్నాం.

మాటల దగ్గరికి వచ్చాము కాబట్టి తెలుగు మీద మమకారమున్న మిత్రులకు ఇంకొక మాట మనవి చేస్తాను. "ఉపరితల ఆవర్తనం" అన్న పదబంధాన్ని పత్రికల్లో ఎన్నివేలసార్లు చదివి ఉంటారు? తెలుగులో ఉపరితలం అంటే పైపొర, నేల మీదనో నీటి మీదనో ఉండేది. ఆవర్తనం ఉండేది మాత్రం నేలకు కిలోమీటరో, మూడు కిలోమీటర్లో, అంతకన్నా పైనో గాలిలో. "అప్పర్ ఎయిర్" అన్నదానికి ఎవరో ఒకనాడు ఉపరితలం అని రాశారు. అప్పటినుండి ఆకాశంలో తిరిగే సుడి మన వార్తల్లో నేలమీద తిరుగుతూనే ఉంది. "ద్రోణి" సంగతి సరేసరి. మా చిన్నబాపు దృష్టిలో అది ద్రోణాచార్యుని చుట్టరికం. తప్పు ఆయనది కాదు. "విదర్భ నుండి తమిళనాడు దాకా ద్రోణి" అని చెప్పేవాడు దాని అర్థం విప్పి చెప్పాలి కదా: రెండు పక్కల నుండి వచ్చే గాలులు ఆ గీత వెంబడి కలుస్తున్నాయి, బంగాళాఖాతపు తేమ అక్కడికి చేరుతోంది, మధ్యాహ్నపు ఎండకు ఆ తేమగాలి పైకి లేచి సాయంత్రానికి మబ్బు కోటలు కడుతుంది, ఆ మబ్బు విరిగినప్పుడు చల్లగాలి ఒక్క ఊపున కిందికి దూకుతుంది అని. ఈ మాత్రం తెలిస్తే ఏప్రిల్‌లో పొద్దున ఉక్కగా ఉన్ననాడు రైతు తనంతట తానే పరదాలకు రాళ్ళు బరువు పెట్టుకుంటాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. తుఫాను రోజుల తరబడి నడిచివచ్చేది, దాని దారి గీయవచ్చు. ఉరుముల మబ్బు గంటలో పుట్టి గంటలో చచ్చేది, దానికి మూడురోజుల ముందు ఊరిపేరు చెప్పమంటే ఎట్లా? న్యాయమైన అభ్యంతరమే. మూడురోజుల ముందు చెప్పమని నేను అడగడం లేదు. మబ్బు పుట్టాక రాడారు దానిని చూస్తుంది. రాబోయే మూడుగంటలకు జిల్లాలవారీగా, రంగుల గుర్తులతో తక్షణ సూచనలు వాతావరణ శాఖ ఇస్తూనే ఉంది. వడ్లమీద పరదా కప్పడానికి మూడుగంటలు అక్కరలేదు, ముప్పావుగంట చాలు. కానీ ఆ సూచన ఎక్కడికి చేరుతున్నది? ఫోనులో అనువర్తనం దించుకున్నవాడికి, అదీ ఆ నిమిషాన తెరిచి చూసినవాడికి. కుప్ప ఉన్న కేంద్రంలో గంట మోగదు, జెండా లేవదు.

పైగా చూపులోనూ లోటు ఉంది. హైదరాబాదు రాడారు నుండి జగిత్యాల, కోరుట్ల గీత గీసినట్టు పోయినా నూట యాభై కిలోమీటర్ల పైమాటే. భూమి వంపు తిరిగి ఉంది కనుక, కిరణాన్ని అర డిగ్రీ కోణంలో పంపినా అది మా ఊరి మీదికి వచ్చేసరికి నేలకు మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఎత్తున ఉంటుంది. సిరిసిల్ల దగ్గర కిలోమీటరున్నర దాటుతుంది. అంటే మబ్బు నడుమూ తలా కనిపిస్తాయి. నేలమీద పరదాను ఎగరగొట్టే గాలి మాత్రం ఆ కిరణం కిందనుండి జారిపోతుంది. కోస్తాకు విశాఖలో, మచిలీపట్నంలో రాడార్లు పెట్టుకున్నాం, పెట్టుకోవలసిందే. ఉత్తర తెలంగాణకు దగ్గరగా ఒకటి ఎందుకు ఉండరాదు?

సముద్రం మాకు మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అందుకే తీరం దాటగానే తుఫాను కథ ముగిసినట్టు మన వార్తలు తెర దించేస్తాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం సమీపాన తీరం దాటింది. కెమెరాలన్నీ కెరటాల వైపు తిరిగి ఉన్నాయి. మరునాడు మునిగింది వరంగల్లు, హనుమకొండ కాలనీలు. నీళ్ళలో కొట్టుకుపోయింది హుస్నాబాద్ మార్కెట్ యార్డులోని వడ్లు. అదే యేడు ఆగస్టు చివర, బంగాళాఖాతపు అల్పపీడనం వల్లనే, సిరిసిల్ల జిల్లా నర్మాల దగ్గర ఎగువ మానేరు ఉప్పొంగి రైతులు చిక్కుకుపోతే హెలికాప్టరు వచ్చి తీసుకుపోవలసి వచ్చింది. విచిత్రమేమిటంటే, తుఫాను హెచ్చరికల నాలుగు దశల్లో చివరిది సరిగ్గా మా వంటి లోపలి జిల్లాల కోసమే ఉద్దేశించినది. తీరం దాటడానికి పన్నెండు గంటల ముందు, దాటిన తరువాత లోతట్టున ఏం జరగవచ్చునో అందులో చెబుతారు. కాగితం మీద మేమూ ఉన్నామన్నమాట!

కాగితం మీద ఇంకా ఉన్నాం. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు పుట్టింది అక్కడే. ఉత్తర తెలంగాణకు వ్యవసాయ వాతావరణ సలహాలు రాసే విభాగమూ అక్కడే ఉంది. ఆ సలహాలు మంగళవారం, శుక్రవారం వెలువడతాయి. వాటిలో ఎవరికి, ఏం చెయ్యాలి అన్న రెండూ ఉంటాయి. నేను మెచ్చుకునే పని అది. కానీ రాళ్ళవానకు వారాలు తెలియవు. జిల్లాస్థాయిలో ఇదే పని చెయ్యడానికి కృషి విజ్ఞాన కేంద్రాల్లో నెలకొల్పిన యూనిట్లు దేశం మొత్తం మీద 199 ఉండేవి. 2024లో వాటిని మూసివేశారు. రైతు దగ్గరికి హెచ్చరిక చేర్చవలసిన చివరి మెట్టునే తీసివేసి, పైమెట్ల మీద ఎన్ని కంప్యూటర్లు పెడితే ఏం ఫలం?

నష్టం వడ్లదొక్కటే కాదు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఉడకబెట్టిన పసుపు రోజుల తరబడి ఆరుబయట ఆరాలి. ఒక్క వాన తడిపితే రంగు పోతుంది, రంగుతో ధర పోతుంది. జగిత్యాల చల్‌గల్ మార్కెట్టుకు చేరవలసిన మామిడి ఒక్క గాలికి చెట్టు కింద రాలి, ఊరగాయ ధరకు కూడా దిక్కులేకుండా పోతుంది. సిరిసిల్లలో గాలికి స్తంభం ఒరిగితే మరమగ్గం ఆగుతుంది. నేసిన మీటరుకే కూలి కనుక ఆ రాత్రి కార్మికుని ఇంట్లో కూలి కూడా ఆగుతుంది. 2023 మార్చి రాళ్ళవానకు ఎకరానికి పదివేలు ప్రకటించింది ప్రభుత్వం. పోయాక ఇచ్చే పదివేలకన్నా పోకముందు చెప్పే పది మాటలు చవక కావా?

ఆ పది మాటలు ఎట్లా ఉండాలో నేనే రాసి చూపిస్తాను. "కోరుట్ల, మెట్‌పల్లి, కథలాపూర్ మండలాల వారికి. సాయంత్రం నాలుగు నుండి ఆరు లోపల గాలివాన, రాళ్ళు పడే సూచన ఉంది. కల్లాల్లో వడ్లున్నవారు మూడున్నర లోపల కప్పి బరువులు పెట్టండి. పసుపు ఎత్తుకోండి. చెట్ల కింద నిలబడకండి." ఇందులో సంస్కృతం లేదు, ద్రోణి లేదు, అక్కడక్కడ లేదు. తప్పు కావచ్చు, పదింటిలో నాలుగుసార్లు వాన రాకపోవచ్చు. రానినాడు రైతుకు పోయేది పరదా కప్పిన శ్రమ మాత్రమే. దీనిని పంచాయతీ మైకులో చదవవచ్చు. కొనుగోలు కేంద్రం ముందు ఒక గుంజ పాతి ఎర్రజెండా ఎగరవేయవచ్చు. దానికి ఉపగ్రహాలు కావాలా? గుంజ, గుడ్డ, ఒక బాధ్యత గల మనిషి చాలు.

రేవు సంకేతాల్లో పదకొండవదాని అర్థం ఇంతవరకు చెప్పలేదు. దానికి గాలితో పనిలేదు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మీ అంచనా మీదే, అని దాని భావం. రేవులో అది ఎప్పుడో ఒకనాడు ఎగురుతుంది. మా కల్లాల మీద ఏడాది పొడుగునా ఎగురుతున్నది అదే.

దానిని దించమని అడుగుతున్నాను. ఈ యాసంగికీ మా చిన్నబాపు వడ్లు పోస్తాడు. మళ్ళీ రేడియో పెట్టి అదే ప్రశ్న అడుగుతాడు. ఈసారి చెప్పడానికి నా దగ్గర ఒక ఊరి పేరూ, ఒక గంటా ఉండాలి.