బాటల సంధి

రెండు పదాలు పక్కపక్కన నిలిచినంత మాత్రాన పలుకు సాగదని వ్యాకరణం చదువుకున్న వారందరికీ తెలుసు. వాటి మధ్య సంధి కలవాలి. కలవని చోట ‘మాయమ్మ’లో లాగా ఒక యకారమైనా వచ్చి చేరి నాలుక తొట్రుపడకుండా చూడాలి. అదీ ఇదీ లేకపోతే మన లాక్షణికులు దాన్ని ‘విసంధి’ అన్నారు. పద్య దోషాల పట్టికలో చేర్చారు. నగరాల్లో వేస్తున్న సైకిలు బాటలను చూసినప్పుడల్లా నాకీ దోషమే గుర్తుకు వస్తుంది. బాటలు బాగానే ఉంటాయి. ఒక బాట మరొక బాటను కలుసుకునే చోట మాత్రం ఏమీ ఉండదు.

నా వాదం ఇదీ: ఒక ఊళ్ళో ఎన్ని మైళ్ళ సైకిలు బాట ఉందన్నది రెండో ప్రశ్న. ఒక బాట నుంచి మరొక బాటకు, ఊరికి కొత్తవాడు, ఎవరినీ అడగకుండా, ప్రాణభయం లేకుండా చేరగలడా అన్నది మొదటి ప్రశ్న. దానికి సమాధానం ‘లేదు’ అయితే ఆ ఊళ్ళో ఉన్నవి దారులు కావు, పొడుగాటి తోటలు.

మచ్చుకు ఉత్తర వర్జీనియాను తీసుకుందాం. మనవాళ్ళు ఎక్కువగా ఉండే హెర్న్‌డన్, స్టెర్లింగ్, ఆష్‌బర్న్ ఊళ్ళ మీదుగా ‘వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్’ అనే బాట ఒకటి పోతుంది. ఒకప్పుడది రైలు మార్గం. 1968లో ఆ రైలు ఆగిపోయింది. 1974లో ఫాల్స్ చర్చి దగ్గర మొదటి ముక్క బాటగా మారింది. 1988 నాటికి పర్సెల్‌విల్ దాకా పూర్తయింది. మొత్తం 45 మైళ్ళు. వంద అడుగుల వెడల్పున్న పార్కు అది. సాయంత్రం పూట ఆ బాట మీద తెలుగు వినపడని రోజు ఉండదు. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరిద్దరుగా నడుస్తూ ఉంటారు. అర మైలుకొక రాయి ఉంటుంది కాబట్టి, ఆ బాట మీదే ఉన్నంత సేపు ఎవరూ తప్పిపోరు.

చిక్కంతా బాట మారవలసి వచ్చినప్పుడే. ఆష్‌బర్న్ నుంచి తూర్పుగా తొక్కుకుంటూ వాషింగ్టన్ నగరానికి పోదామనుకున్న మనిషిని ఊహించండి. బాట పేరులోనే వాషింగ్టన్ ఉంది కాబట్టి, అలాగే పోతే నగరం వస్తుందనుకోవడం సహజం. రాదు. ఆ బాట ఆర్లింగ్టన్ కౌంటీలో షిర్లింగ్టన్ అనే చోట ముగిసిపోతుంది. నగరంలో అడుగే పెట్టదు. నగరానికి పోవాలంటే దానికి నాలుగు మైళ్ళ ముందే, బాన్ ఎయిర్ పార్కు దగ్గర, ‘కస్టిస్’ అనే మరొక బాటలోకి మళ్ళాలి. కస్టిస్ అన్నది ఒక పాత కుటుంబం పేరు. ఆ పేరు ఎటు తీసుకుపోతుందో కొత్తవాడికి ఎలా తెలుస్తుంది? పేరులో నగరం ఉన్న బాట నగరానికి పోదు; నగరానికి పోయే బాట పేరులో నగరం లేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళకు అందులో వింతేమీ కనిపించదు. అసలు ఇబ్బంది అక్కడే ఉంది: దారి తెలిసినవాళ్ళకు బోర్డు అక్కరలేదు కనుక, బోర్డు లేదన్న సంగతే వాళ్ళకు తోచదు.

కస్టిస్ బాట ఐ-66 రహదారి పక్కనే ఎగుడుదిగుడుగా నాలుగు మైళ్ళు సాగి రాస్లిన్ చేరుతుంది. అక్కడ లిన్ వీధిని దాటాలి. ఐ-66 నుంచి దిగి కీ బ్రిడ్జి వైపు కుడికి తిరిగే కార్లు, నేరుగా వీధి దాటే సైకిళ్ళు ఒక్కచోటనే ఎదురవుతాయి. సైకిలిస్టులు ఏళ్ళ తరబడి దాన్ని ‘ప్రళయ కూడలి’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. తరువాత కౌంటీ అక్కడ కొన్ని మార్పులు చేసింది. అయినా కొత్తవాడికి అక్కడ ఒకేసారి రెండు పనులు పడతాయి: కార్లను కనిపెట్టుకోవడం, దారి వెతుక్కోవడం. ఎడమకు తిరిగితే కీ బ్రిడ్జి మీదుగా జార్జ్‌టౌన్. వీధి దాటి కిందికి దిగితే పోటోమాక్ నది ఒడ్డున మౌంట్ వెర్నన్ బాట. దారి చెప్పవలసింది ఆ కూడలిలో కాదు. వంద గజాల ముందే చెప్పాలి. కూడలికి వచ్చేసరికి మనిషి చూపు కార్ల మీద ఉండాలి తప్ప బోర్డుల మీద కాదు.

బ్రిడ్జి దాటాక మరొక చిత్రం. బెథెస్డా వైపు పోయే ‘కేపిటల్ క్రెసెంట్’ బాట సరిగ్గా ఆ వంతెన కిందుగా పోతుంది. పాత కాలువ గట్టు బాట కూడా కిందనే ఉంది. దాన్ని పట్టుకుంటే 184 మైళ్ళకు పైగా, కంబర్లండ్ దాకా పోవచ్చు. వంతెన మీద నిలబడినవాడికి అన్నీ కిందనే ఉన్నట్టు! కానీ దిగడం ఎలా? ఎం వీధిలోకి వెళ్ళి, ఏటవాలు వీధుల్లో ఏదో ఒకటి పట్టుకొని కాలువ దాటి, నది ఒడ్డునున్న వాటర్ వీధికి దిగి, దాని పడమటి కొసకు వెళితే గాని కేపిటల్ క్రెసెంట్ మొదలు దొరకదు. పటంలో చూస్తే వంతెన గీత, బాట గీత ఒకదాన్నొకటి ఖండించుకుంటూ కనిపిస్తాయి. ఖండించుకోవడం వేరు, కలుసుకోవడం వేరు. పటానికి ఎత్తుపల్లాలు తెలియవు, కాళ్ళకు తెలుస్తాయి.

“ఇప్పుడు ఫోను ఉంది కదా, ఈ బోర్డుల గోల ఎందుకు?” అని అడిగేవారున్నారు. నిజమే, ఫోను చాలా మేలు చేసింది. కానీ పైన చెప్పిన చోట్లలో అది తడబడుతుంది. ఆర్లింగ్టన్‌లోనే ఫోర్ మైల్ రన్ అనే వాగు వెంట రెండు బాటలు కొంత దూరం పక్కపక్కనే పోతాయి. ఒకటి వాగు పేరుదే, రెండోది మన పాత రైలు బాట. చెట్ల నీడలో, కొద్ది గజాల ఎడంలో ఉన్న రెండు దారుల్లో మీరు దేని మీద ఉన్నారో ఉపగ్రహం కచ్చితంగా చెప్పలేదు. పైగా సైకిలు తొక్కేవాడు చేతిలోకి చూస్తూ పోకూడదు. ఇక ఇందాక చెప్పిన పెద్దవాళ్ళ సంగతి. వాళ్ళలో చాలామంది చేతిలో ఫోను ఉన్నా ఇంటి బయట నెట్ ఉండదు. బాట చీలిన చోట ఒక మలుపు తిరిగి, తిరిగి వచ్చేటప్పుడు ఏ చీలికో తెలియక నిలబడిపోతే, ఇంగ్లీషులో ఎవరినైనా అడగడానికి మొహమాటం. అటువంటి అనుభవం ఒక్కటి చాలు, మరునాటి నుంచి నడక ఇంటి ముందున్న నాలుగు గజాలకే పరిమితమైపోతుంది. ఒక చిన్న బోర్డు లేకపోవడం వల్ల ఒక మనిషి లోకం ఎంత కుదించుకుపోతుందో లెక్క రాసేవారు లేరు.

“దారి తప్పడంలోనే అందముంది” అనే రసజ్ఞుల వాదం ఇంకొకటి. సాహిత్యం చదివే మనకు ఇది వెంటనే నచ్చుతుంది. నాకూ నచ్చుతుంది, ఆదివారం పొద్దున్న. చీకటి పడేలోగా ఇల్లు చేరవలసిన వాడికి, కారు కొనలేక సైకిలు మీద పనికి పోయేవాడికి, వెనకాల సీటులో పిల్లను కూర్చోబెట్టుకున్న తల్లికి దారి తప్పడమంటే ఆరు వరుసల కార్ల మధ్యకు వచ్చి పడడం. తిరిగి వచ్చే దారి తెలిసినవాడే సరదాగా తప్పిపోగలడు.

మరి ఈ సంధులు ఎందుకు ఇలా మిగిలిపోతాయి? నాకు తోచిన కారణాలు రెండు. మొదటిది యాజమాన్యం. నేను చెప్పిన ఆ కొద్ది మైళ్ళలోనే చూడండి: పాత రైలు బాట ఉత్తర వర్జీనియా ప్రాంతీయ పార్కుల సంస్థది, కస్టిస్ బాట కౌంటీ చూసుకుంటుంది, నది ఒడ్డు బాట జాతీయ పార్కుల శాఖది, వంతెన దాటితే వేరే నగరం, వేరే ప్రభుత్వం. ఎవరి బాట మీద వారి బోర్డులు చక్కగానే ఉంటాయి. రెండు బాటలు కలిసే ఆ ఇరవై గజాలు ఎవరివి? ఇద్దరివీ. అంటే ఎవరివీ కావు. రెండో కారణం లెక్క. పాలకులు మైళ్ళు చెప్పుకుంటారు, రిబ్బను మైళ్ళకే కత్తిరిస్తారు. ఒక కూడలిని సరిచేశామని రిబ్బను కత్తిరించిన ప్రారంభోత్సవం నేను ఎక్కడా చూడలేదు.

ఇది తీరని సమస్య కాదు. బెల్జియంలోని లింబర్గ్ ప్రాంతంలో హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు దీనికొక మార్గం చూపించాడు. బొగ్గు గనుల్లో సొరంగాలు కలిసే చోట్లకు అంకెలు వేసే పద్ధతిని ఆయన నేల మీదికి తెచ్చాడు. 1995లో అక్కడ సైకిలు దారుల కూడళ్ళన్నింటికీ అంకెలు వేశారు. ప్రతి కూడలిలో దాని అంకె, అక్కడి నుంచి చేరగల పక్క కూడళ్ళ అంకెలు, వాటి వైపు బాణాలు. బయలుదేరేవాడు ‘12, 47, 53, 8’ అని ఒక చీటీ మీద రాసుకుంటే చాలు. భాష రానక్కరలేదు, ఊరి పేర్లు పలకనక్కరలేదు. తరువాత నెదర్లాండ్స్ కూడా ఈ పద్ధతిని తీసుకుంది. ఇందులో నాకు నచ్చింది అంకెల తెలివి ఒక్కటే కాదు. వాళ్ళు బాటలకు కాక కూడళ్ళకు పేర్లు పెట్టారు. చూపును గీతల మీది నుంచి ముడుల మీదికి మార్చారు. భూగర్భంలో దారి తప్పితే చావే కాబట్టి గని మనుషులకు ఆ విలువ తెలిసింది.

మన రైల్వేలకూ ఈ సంగతి తెలుసు. గుంతకల్లు, కాజీపేట అన్న పేర్ల పక్కన ‘జంక్షన్’ అని రాయడం అలంకారానికి కాదు. ఇక్కడ బండి మారవచ్చని ప్రయాణికుడికి చెప్పడానికి. అదే మర్యాద సైకిలు వాడికి దక్కడం లేదు.

హైదరాబాదు సంగతి కూడా చెప్పుకోవాలి. 2023 అక్టోబరు 1న అవుటర్ రింగు రోడ్డు పక్కన, పైన సౌర ఫలకాల కప్పుతో, 23 కిలోమీటర్ల సైకిలు బాటను ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. ఎండ తగలని బాట మన ఊళ్ళో వచ్చిందంటే సంతోషించనివారెవరు? కానీ సైకిలును కారు వెనక తగిలించుకొని వచ్చి, తొక్కి, మళ్ళీ కారెక్కి పోయేవారిని చూస్తే మాత్రం ఆలోచన కలుగుతుంది. మణికొండలోనో గచ్చిబౌలిలోనో ఉన్న ఇంటి గుమ్మం నుంచి ఆ బాట దాకా సైకిలు మీద పోవడానికి ధైర్యం చాలకపోతే, 23 కిలోమీటర్లూ వ్యాయామశాలే అవుతాయి. అక్కడ అవసరమైనది ఇంకో 23 కిలోమీటర్లు కాదు. ఉన్న దానికి చుట్టుపక్కల కాలనీల నుంచి పది చిన్న సంధులు.

నేను కోరేది చాలా తక్కువ. కూడలికి కొంత ముందు ఒక బోర్డు: రాబోయేది ఏమిటో. కూడలిలో రెండోది: ఎటు తిరగాలో. తిరిగిన కొద్ది గజాలకు మూడోది: సరైన దారిలోనే ఉన్నావని. ఈ మూడోదాన్ని అందరూ మరిచిపోతారు. కొత్తవాడికి అన్నింటికంటే ఎక్కువ ఊరటనిచ్చేది అదే. బోర్డు మీద బాట పేరు చిన్నగా, పోయే ఊరి పేరు పెద్దగా, ఎంత దూరమో అంకెల్లో. ముందు మెట్లుంటే ఉన్నాయని, కార్ల రోడ్డు దాటాలంటే దాటాలని రాయాలి. ప్రతి కూడలికీ ఒకే ఒక్క శాఖ జవాబుదారీగా ఉండాలి. ఒక మైలు బాటకయ్యే ఖర్చులో ఇది ఏపాటి?

మీ మీ ఊళ్ళలో కొత్త సైకిలు బాట వేస్తామన్న ప్రకటన వచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లని అడగకండి. అది ఎక్కడ మొదలై, ఉన్న ఏ దారిని, ఏ బస్సు స్టాపును, ఏ బడిని, ఏ చోట కలుస్తుందో అడగండి. సమాధానం చెప్పలేకపోతే, ఆ బాటకు రిబ్బను కత్తిరించే వేళ ఇంకా రాలేదన్నమాట.