గబ్బిలాల చెట్టు కొట్టేస్తే రోగం పోతదా?

కరోనా వచ్చిన ఏడాది మా రామగిరి దగ్గర ఒక ఊళ్లో పెద్ద పంచాయితీ అయింది. ఊరి చివరి చింతచెట్టు నిండా గబ్బిలాలు. "రోగం వీటితోనే, చెట్టు కొట్టేయాలె" అని కొందరు గొడ్డళ్లు పట్టుకొచ్చారు. సంఘం తరఫున పోయి మేము ఆపాం. ఆనాడు చెప్పలేకపోయిన వివరం ఇప్పుడు చెబుతున్నాం.

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు రెండు రకాల పండ్ల గబ్బిలాలను పరీక్షించారు. 2020 ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది. కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి, హిమాచల్ ప్రదేశ్ గబ్బిలాల్లో ఒక రకం కరోనా వైరస్ దొరికింది. తెలంగాణ నమూనాల్లో దొరకలేదు. దొరికిన వైరస్ కూడా మనుషులకు జబ్బు చేస్తుందనడానికి ఆధారం లేదన్నారు.

నిఫా సంగతి వేరు. 2018లో కేరళలో 17 మందిని పొట్టన పెట్టుకుంది. అక్కడి పండ్ల గబ్బిలాల్లో ఆ వైరస్ కనబడింది. బంగ్లాదేశ్‌లో రాత్రిపూట గబ్బిలాలు నాకిన పచ్చి ఈత రసం తాగినవాళ్లకు అది సోకింది. అంటే ఇది మన గీత కార్మికుల ముచ్చట, మన మామిడి రైతుల ముచ్చట. అక్కడ గీత పెట్టిన చోటును, కుండను వెదురు తడికెతో కప్పి గబ్బిలాన్ని దూరం పెడుతున్నారు. చెట్టును కొట్టలేదు.

కొడితే ఏమైతదో ఆస్ట్రేలియా చెబుతోంది. అక్కడ అడవులు నరికి, తిండి కరువైన గబ్బిలాలు పొలాల దగ్గరికి చేరాక, వాటి నుంచి హెండ్రా వైరస్ గుర్రాలకు అంటడం పెరిగిందని 2022లో శాస్త్రవేత్తలు తేల్చారు.

మన బొగ్గుబాయిల ప్రాంతంలో ఓపెన్ కాస్టుల కింద పొలాలతో పాటు మర్రి, ఇప్ప, చింత చెట్లూ పోయాయి. నెలవు పోయిన గబ్బిలం మన తోటలకు రాక ఎక్కడికి పోతుంది? పురుగులను తినే చిన్న గబ్బిలాలు వరికి మేలు చేస్తాయి, పండ్ల గబ్బిలాలు అడవికి గింజలు చల్లుతాయి. వాటితో మనకు పగ లేదు.

మా డిమాండ్లు మూడు. మన ప్రాంతంలో గబ్బిలాలను పరీక్షించి ఫలితాన్ని గ్రామసభలో తెలుగులో చెప్పాలి. గీత కార్మికులకు తడికెలు ప్రభుత్వమే ఇవ్వాలి. కొత్త గనికి అనుమతి ఇచ్చే ముందు గబ్బిలాలున్న చెట్లను లెక్కగట్టి కాపాడాలి.

అప్పటిదాకా గబ్బిలం కొరికిన పండు మనం తినొద్దు, పశువులకు వేయొద్దు. గొడ్డలి మాత్రం పట్టొద్దు.