వంకరకాయకు నేరము విత్తనముదా?

పాదున కాయ వంకరపోయినను, పిందె పసుపుబారి రాలినను, మనము వెంటనే విత్తనమును నిందింతుము. లేదా తెగులని తలంచి మందు చల్లుదుము. ఎచ్చెర్ల ప్రాంతపు సభ్యులారా! ఈ తీర్పు తొందరపాటని మా యభిప్రాయము.

గుమ్మడి, దోస, ఆనప పాదులకు మగపూవులు వేరు, ఆడుపూవులు వేరు. పుప్పొడి తనంతట కదలదు. తేనెటీగలు మొదలగు కీటకములే దానిని మోయవలయును. చాలినంత పుప్పొడి యందనిచో గింజలు సరిగా కట్టవు. గింజ కట్టని వైపున కండ పెరుగదు. కాయ వంకరపోవుటకు ఇదియొక ముఖ్యకారణము.

లంబసింగిలో పండించు స్ట్రాబెరీకిని ఇదియే ధర్మము. తేనెటీగలు వాలిన పూవుల పండ్లు బరువుగను, గట్టిగను ఉండి, ఎక్కువ కాలము నిలువయుండునని జర్మనీ శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిరి.

అట్టి యీగలను మనమే చంపుచున్నాము. ఉదయమున గుమ్మడిపూవు విచ్చియుండగా మందు చల్లుట, కూలి యడుగక పనిచేయువానిని కొట్టి తరుముటయే.

పురుగుబాధ నిజమే, మందే వలదనుట లేదు, వేళ మార్చుడనుచున్నాము. గుమ్మడి, దోసలకు పూవులు ముడిచిన సాయంకాలమునను, సంజవేళ విచ్చు ఆనప, బీరలకు పూవులు ముడిచిన పగటివేళను చల్లుడు. ఈగలు కానరానిచో మగపూవు కోసి, దాని పుప్పొడిని ఆడుపూవు నడిబొడ్డునకు అద్దుడు.

ఒక్కరు పాటించిన చాలదు. ఈగకు గట్లు తెలియవు. ఊరంతయు నొక్క కట్టుబాటునకు రావలయును. అందులకే గదా సహకారసంఘము!