పగడం పూవు కాదు

సముద్రయాత్రలు చేసి వచ్చిన మిత్రుల టపాలను ఆసక్తితో చదువుతుంటాను. పడవలోనే తిని, పడవలోనే నిద్రించి, దిబ్బ నుండి దిబ్బకు సాగుతూ రోజుకు మూడు నాలుగు మార్లు స్కూబా సరంజామాతో నీట మునిగే 'లివ్‌అబోర్డ్' యాత్రలవి. రచన ముచ్చటగానే ఉంటుంది. కాని ఎవరు రాసినా ఒకే ఉపమ: కడలి అడుగున పూదోట! నా తగవు ఆ ఉపమతోనే.

నేరం పూర్తిగా మిత్రులది కాదు. ప్రవాళమంటే చిగురనీ, పగడమనీ రెండర్థాలు. విద్రుమంలో ద్రుమం ఉండనే ఉంది. పూర్వులకు అది చెట్టుగా తోచింది, తప్పు పట్టను. అయితే పగడం జంతువని 18వ శతాబ్దిలోనే తేలింది గదా! పాలిప్ అనే మెత్తని చిరుప్రాణి సున్నపు గూడు కట్టుకొంటుంది. అటువంటి గూళ్ళు తరతరాలుగా పేరుకొన్నదే పగడపుదిబ్బ. బండలా పెరిగే జాతులు ఏడాదికి పెరిగేది సుమారు 1 సెంటీమీటరు.

"వర్ణనలో శాస్త్రమెందుకు మాస్టారూ?" అంటారు. ఎందుకంటే, తొక్కిన తోట మరుసటి వానకు చిగురిస్తుంది, దిబ్బ చిగురించదు. ఫిలిప్పీన్స్‌కు చెందిన సూలూ సముద్రంలో టుబ్బతాహా దిబ్బలున్నాయి. 1993 నుండి ప్రపంచ వారసత్వ స్థలం. ప్యూర్టో ప్రిన్సెసా రేవు నుండి రాత్రంతా పయనించాలి. అక్కడ బసకు ఇల్లు లేదు, పడవే గతి. ఆ యాత్రలైనా మార్చి నడుమ నుండి జూన్ నడుమ వరకే. 2013 జనవరి 17న అమెరికా నౌకాదళపు 'గార్డియన్' అక్కడ దిబ్బనెక్కి 2,345 చదరపు మీటర్ల పగడాన్ని నుగ్గు చేసింది. కదలని నౌకను ముక్కలుగా కోసి తరలించారు. పరిహారం చెల్లించారు. కాని సెంటీమీటరు చొప్పున ఆ బాకీ ఎన్నటికి తీరేను?

యాత్రలు మానుకొమ్మనడం లేదు. యాత్రికుల రుసుము ఆ దిబ్బల కావలికి అక్కరకు వస్తున్నది. చూచినదాన్ని చూచినట్లు చెప్పమంటున్నాను, అంతే.

కావలివారు ఆపలేని శత్రువు మరొకటున్నది. నీటి వేడిమి వేసవిలో ఉండే హెచ్చు స్థాయికన్న ఒక్క డిగ్రీ మించి వారాల తరబడి నిలిస్తే, పగడం తన దేహంలో కాపురముండి తిండి సమకూర్చే ఏకకణ శైవలాలను వెళ్ళగొడుతుంది. తెల్లబడుతుంది. వేడి తగ్గకుంటే ఆకలితో చస్తుంది. ఇది ప్రపంచమంతటా నాలుగవ మారు సంభవించిందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తోటను చూడబోయిన కంటికి ఆ తెలుపు మల్లెపందిరి. ప్రాణిని చూడబోయిన కంటికి అది ఆకలి. ఒక్క మాటలో ఇంత భేదమున్నది!

"తమరెన్నడైనా మునిగారా?" అని అడుగుతారేమో. లేదు, నాకు ఈతే రాదు. అయినా ఉపమానం ఉపమేయాన్ని వెలిగించాలే గాని కప్పివేయరాదని బడిలో చెప్పినవాణ్ణి. ఇకపై ఏ టపాలో 'పూదోట' కనిపించినా, దాని కింద వ్యాఖ్యల్లో నేను కనిపిస్తాను.