కౌంటు వాళ్లు చెబుతారు, నష్టం మనం మోస్తాం

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మన సరుకుల మీద సుంకాలు ప్రకటించారు. ఆ వార్త వచ్చీ రాగానే గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుగట్ల మీద రొయ్య ధర దిగిపోయింది. 9వ తేదీన అదే అధ్యక్షుడు ఆ సుంకాలను 90 రోజులు వాయిదా వేసి 10 శాతానికి పరిమితం చేశారు. ధర మాత్రం దిగినంత వేగంగా ఎక్కలేదు. ఆగస్టు చివరికి సుంకం 50 శాతానికి చేరింది. 2005 నుంచి మన రొయ్య మోస్తున్న యాంటీ డంపింగ్ సుంకం దీనికి అదనం.

ఏప్రిల్‌లో ధర తగ్గించిన రోజున మన చెరువులోని రొయ్య ఇంకా నీళ్లలోనే ఉంది. అది అమెరికా రేవు చేరడానికి వారాలు పడుతుంది. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు. అతను దాన్ని ఎగుమతిదారు మీదికి తోస్తాడు, ఎగుమతిదారు ఏజెంటు మీదికి, ఏజెంటు మన మీదికి. మన తర్వాత తోయడానికి ఎవరూ లేరు. రూపాయి పడిపోయినప్పుడు ఎగుమతిదారుకు డాలరుకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి కదా, ఆ లాభం ఎప్పుడైనా ఈ దారిలోనే వెనక్కి నడిచి గట్టుదాకా వచ్చిందా? నష్టం వచ్చే దారి ఒకటి, లాభం ఆగిపోయే దారి ఇంకొకటి అయితే దాన్ని మార్కెట్ అనలేం.

వరి రైతుకు కనీస మద్దతు ధర ఎంత సరిగా అందుతుందో మనకు తెలుసు. అయినా ఒక అంకె అంటూ ఉంది, దానికోసం రోడ్డెక్కి అడగవచ్చు. రొయ్యకు ఆ అంకె కూడా లేదు. ధాన్యం నెల రోజులు కప్పి ఉంచుకోవచ్చు. రొయ్య నీళ్లు దాటితే గంటల్లో ఐస్‌లో పడాలి. తెల్లమచ్చ కనబడిందంటే 100 కౌంటులోనే పట్టెయ్యాలి, ఆగితే ఆ కాస్తా మిగలదు. కొనేవాడికి ఇది మనకన్నా బాగా తెలుసు. గట్టు మీద కిలో శాంపిల్ తూచి 50 అనుకున్నదాన్ని 54 అంటాడు. కౌంటుకు ఇంత చొప్పున కోత. ఆపైన సాఫ్ట్ అని కొంత, నీటి తరుగు అని కొంత. బేరం పట్టుబడి అయ్యాక మొదలవుతుంది. వల చెరువులో ఉన్నప్పుడు చెప్పిన ధర కాగితం మీద ఉండదు.

ఒక లెక్క వేద్దాం. ఎకరానికి 2 టన్నులు వచ్చిందనుకుందాం. కిలో రొయ్యకు 1.4 కిలోల మేత పడితే 2,800 కిలోలు. మేత కిలో 90 రూపాయలు వేసుకున్నా 2,52,000 రూపాయలు ఒక్క మేతకే. పిల్ల, ఏరియేటర్ల కరెంటు, మందులు, కౌలు ఇంకా చేర్చలేదు. రొయ్య ధర కిలోకు 30 రూపాయలు తగ్గితే 60,000 పోయింది. మేత కంపెనీలు దయతలచి కిలోకు 4 రూపాయలు తగ్గిస్తే వచ్చేది 11,200. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, మేత ధర తగ్గించాం కాబట్టి సర్దుకోండి అనడం చెల్లదు. సోయా పిండి పెరిగినప్పుడు మేత పెంచినవాళ్లు, అది తగ్గినప్పుడు ఎందుకు దించరో ప్రభుత్వం అడగాలి. అడగడానికి 2020లో తెచ్చిన ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం, చేపల మేత నాణ్యత చట్టం ఉన్నాయి.

ఇంకో ముడి అప్పు దగ్గర ఉంది. కౌలు రైతుకు బ్యాంకు గడప దొరకదు. మేత డీలరు అరువిస్తాడు, ఆ అరువు తీరేదాకా రొయ్య ఎవరికి అమ్మాలో కూడా అతనే చెబుతాడు. ఇలా ఉన్నచోట ప్లాంట్ల మధ్య పోటీ ఉందని చెప్పడం ఉత్తమాట. కౌలు రైతుకు కిసాన్ క్రెడిట్ కార్డు చేతికి వచ్చేదాకా ధర మీద మనం ఎంత అరిచినా సగమే వినిపిస్తుంది.

దేశం 2024-25లో ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్య 7,41,529 టన్నులు. అందులో 3,11,948 టన్నులు అమెరికాకే. వనామీ తల్లి రొయ్యల్ని కూడా ఎక్కువగా అమెరికా నుంచే తెచ్చుకుంటున్నాం. తల్లి అక్కడిదే, తినేవాడూ అక్కడివాడే, మధ్యలో రాత్రంతా ఏరియేటర్ శబ్దం వింటూ మేలుకునేది మాత్రం మనం. హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ రొయ్య తినే ఇళ్లు పెరగాలంటే కోల్డ్ చైన్, చిన్న ప్యాకెట్లు, అందుబాటు ధర కావాలి. అది ఒక సీజన్‌లో అయ్యేది కాదు. పదేళ్ల క్రితమే మొదలుపెట్టాల్సిన పని.

ఇక మన ఇంట్లో మాట. ఈ సంఘంలో వరి రైతులూ ఉన్నారు, చెరువు రైతులూ ఉన్నారు. పక్క చెరువు ఉప్పునీరు ఊరి వరి చేలోకి దిగితే ఆ రైతుకు రొయ్య ధరతో సానుభూతి ఎక్కణ్నుంచి వస్తుంది? ఒకే మురుగు కాలువలోంచి నీళ్లు తోడుకుని, రోగం వచ్చిన చెరువు నీటిని అందులోకే వదులుతున్నాం. పైవాడి తెల్లమచ్చ మూడు రోజుల్లో కిందివాడి చెరువులో తేలుతోంది. 1994-95లో టైగర్ రొయ్య ఇలాగే తుడిచిపెట్టుకుపోయింది. ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి, కాలువ విషయంలో మాత్రం ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. ఒక డ్రెయిన్ కింద ఉన్న రైతులంతా కూర్చుని ఎవరు ఎప్పుడు నీళ్లు వదలాలో, రోగం వచ్చిన చెరువును బ్లీచింగ్ చేయకుండా తెరవకూడదని ఒక కట్టుబాటు చేసుకోవచ్చు. ఆ సమావేశానికి వరి రైతును కూడా పిలవాలి. కౌలు, కరెంటు, కాలువ ముగ్గురికీ ఒకటే.

2011లో కోనసీమ వరి రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా చూసింది. చెరువులకూ అలాగే సెలవు ఇద్దామని ఇప్పుడు కొందరంటున్నారు. కోపం న్యాయమైనదే. కానీ చెరువు ఎండగట్టినంత మాత్రాన కౌలు ఆగదు, మేత అప్పు మీద వడ్డీ ఆగదు, చెరువు మీద కూలికి వచ్చే కుటుంబాలకు ఆ నెలలు ఎలా గడుస్తాయో విరామం పిలుపులో రాసి ఉండదు. అందుకని ముందు అడగాల్సింది లిఖిత ధర. వల వేసే ముందే కౌంటువారీ ధర, తూకం పద్ధతి, డబ్బు ఇచ్చే గడువు చీటీ మీద రాసి రెండు పక్షాలూ సంతకం పెట్టాలి. తూచేటప్పుడు శాంపిల్‌ను రైతు ఎంచుకునే హక్కు ఉండాలి. ప్రకటించిన ధర కన్నా తక్కువకు కొన్న ప్లాంటు మీద చర్య తీసుకునే అధికారం జిల్లా కలెక్టరుకు ఉండాలి.

చీటీ లేకుండా ఫిర్యాదు నిలవదు. అందుకే ఈ పట్టుబడిలో ఏ ప్లాంటుకు, ఏ కౌంటు, ఎంత ధర, ఎంత కోత, డబ్బు ఎన్నాళ్లకు చేతికొచ్చింది అన్న వివరాలు ప్రతి సభ్యుడూ ఒక కాగితం మీద రాసి, తూకం చీటీ నకలుతో సహా గ్రామ కమిటీకి ఇవ్వాలి. కలెక్టరు ముందు పెట్టేది ఆ కాగితాల కట్టే.