పరామర్శకు, తీర్పుకు మధ్య ఆరున్నరేళ్లు

2025 మార్చి 10న నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు పెరుమాళ్ల ప్రణయ్ హత్య కేసులో తీర్పు చెప్పింది. సుభాష్ కుమార్ శర్మకు ఉరిశిక్ష, మిగిలిన ఆరుగురికి యావజ్జీవ శిక్ష పడ్డాయి. ఆ రోజు మన వాట్సాప్ స్టేటస్‌లలో, ఫేస్‌బుక్ గోడలపై ప్రణయ్ ఫొటో మళ్లీ కనిపించింది. మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కళ్లముందే ప్రణయ్‌ని నరికి చంపింది 2018 సెప్టెంబర్ 14న. అంటే హత్యకు, తీర్పుకు మధ్య దాదాపు ఆరున్నరేళ్లు. మనం పంపిన సంఘీభావ సందేశాల్లో ఎక్కువ భాగం ఈ రెండు తేదీల చుట్టూనే ఉన్నాయి. మధ్యలో ఆ కుటుంబానికి అందినవి ఏమిటి? మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మూడు ఊళ్లనూ కలిపి చూస్తే అడగాల్సిన ప్రశ్న ఇదే.

మొదటి వారంలో మద్దతుకు కొదవ లేదు. 'జస్టిస్ ఫర్ ప్రణయ్' ఫేస్‌బుక్ పేజీని వేలమంది అనుసరించారు. ఇంటికి నాయకులు, సంఘాలు, విద్యార్థులు వచ్చారు. ఆ వచ్చినవాళ్లలో తమిళనాడుకు చెందిన కౌసల్య ఒకరు. ఆమె భర్త శంకర్‌ని 2016 మార్చిలో ఉడుమలైపేటలో నడిరోడ్డు మీద నరికి చంపారు. అదే గాయాన్ని మోస్తున్న మనిషి రాష్ట్రం దాటి వచ్చి అమృత పక్కన కూర్చోవడం ఏ పోస్టూ ఇవ్వలేని ధైర్యం. నువ్వు చేసింది తప్పు కాదు, నీ తర్వాత కూడా బతుకు ఉంది అని ఆమె రాకే చెప్పింది.

కానీ సందేశాలు మన వైపు నుంచి మాత్రమే రాలేదు. మొదటి నిందితుడు, అమృత తండ్రి మారుతీరావు 2020 మార్చిలో హైదరాబాద్‌లో ఆత్మహత్య చేసుకున్నాక, కడచూపు కోసం మిర్యాలగూడ శ్మశానానికి వెళ్లిన కూతురిని 'గో బ్యాక్' నినాదాలతో వెనక్కి పంపారు. ఆ తర్వాత కొన్ని నెలలకే, ఫాదర్స్ డే రోజున, రాంగోపాల్ వర్మ 'మర్డర్' సినిమా ప్రకటించాడు. కేసు విచారణలో ఉండగా ఈ సినిమా ఏమిటని ప్రణయ్ తండ్రి కోర్టుకెక్కాల్సి వచ్చింది. నల్లగొండ కోర్టు ఆపిన సినిమాకు హైకోర్టులో దారి దొరికింది. ఆ ఏడాది డిసెంబర్‌లో విడుదలైంది. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి హత్య కేసుతో పాటు సినిమా కేసునూ మోశాడు. 'తండ్రి ప్రేమ' పేరుతో నిందితుడికి సానుభూతి, బతికి ఉన్న అమ్మాయికి తిట్లు ఏళ్ల తరబడి నడిచాయి. ద్వేషం వాయిదా పడలేదు. వాయిదా పడింది మన మద్దతే.

చట్టం ఇచ్చిన చోటు

సంఘీభావం మంచి మనసుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ద్వారా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 15ఎ చేరింది. బాధితులకు, సాక్షులకు బెదిరింపుల నుంచి రక్షణ, విచారణకు వెళ్లడానికి ప్రయాణ ఖర్చులు, పునరావాసం ఇందులో హక్కులు. బెయిల్ దరఖాస్తు వస్తే బాధితులకు నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది మొక్కుబడి తంతు కాదని, తప్పనిసరి అని 2021లో హరిరామ్ భంభీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే సెక్షన్‌లోని 12వ ఉపసెక్షన్ మనకు ముఖ్యం. స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, న్యాయవాదుల సాయం తీసుకోవడం బాధితుల హక్కు అని అది చెబుతుంది. బాధితుల వెంట వచ్చిన మనిషిని 'నువ్వెవరు?' అని పోలీస్ స్టేషన్‌లో అడిగితే చెప్పాల్సిన జవాబు చట్టంలోనే ఉంది.

అదే చట్టం చార్జిషీటు పడిన 2 నెలల్లో, వీలైనంతవరకు, విచారణ ముగించాలంటుంది. ప్రణయ్ కేసులో చార్జిషీటు 2019లో పడింది, తీర్పు 2025లో వచ్చింది. రాజీ ఒత్తిళ్లకు, సాక్షులు తిరగబడటానికి, కుటుంబం అలసిపోవడానికి ఏ కేసులోనైనా ఈ మధ్యకాలమే అనువైనది. మిర్యాలగూడ నుంచి నల్లగొండ సుమారు 40 కిలోమీటర్లు. వాయిదా ఉన్న ప్రతిసారీ ఒక రోజు కూలి లేదా ఒక రోజు సెలవు పోతుంది. అవతల నిందితుల తరఫు మనుషులు గుంపుగా నిలబడితే, ఇవతల ఇద్దరు ముగ్గురే ఉంటారు. ఆ రోజు కోర్టు ఆవరణలో పక్కన నిలబడిన ఒక విద్యార్థి వంద పోస్టుల పెట్టు.

ఎవరికి మద్దతు, ఎవరికి మౌనం

ప్రణయ్ చదువుకున్నవాడు. పెళ్లి వీడియో అందంగా ఉంది. హత్య సీసీ కెమెరాలో నమోదైంది. మధ్యతరగతి తన బిడ్డగా ఊహించుకోగలిగిన బాధితుడు. అందరికీ ఆ 'అర్హత' ఉండదు.

2025 జనవరి చివర్లో సూర్యాపేటలో కృష్ణ అనే దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. బీసీ కులానికి చెందిన అమ్మాయిని పెళ్లి చేసుకున్న కొద్ది నెలలకే ఇది జరిగింది. పోలీసులు ఆమె కుటుంబ సభ్యులను అరెస్టు చేశారు. నిందితులు అగ్రకులం వాళ్లు కానప్పుడు మన గొంతు కాస్త నసుగుతుంది. బహుజన ఐక్యత దెబ్బతింటుందేమోనన్న లెక్క మొదలవుతుంది. ఆ లెక్క వేసుకునే స్తోమత భర్తను పోగొట్టుకున్న అమ్మాయికి లేదు.

2025 నవంబర్‌లో కోదాడకు చెందిన దళిత యువకుడు కర్ల రాజేష్, ఒక కేసులో రిమాండ్‌లో ఉండగా, గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టడం వల్లే పోయాడన్నది కుటుంబం ఆరోపణ. మందకృష్ణ మాదిగ, ఎమ్మార్పీఎస్ ఆందోళనకు దిగారు. ఇలాంటి చావుల్లో ముందు వినిపించేది 'అతను ఏ కేసులో ఉన్నాడు?' అన్న ప్రశ్న. కస్టడీ మరణంపై జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ జరగాలని, 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు సమాచారం వెళ్లాలని నిబంధనలున్నాయి. చనిపోయినవాడు మంచివాడా కాదా అన్నదానితో వాటికి సంబంధం లేదు. మన సందేశానికీ ఉండకూడదు.

తీర్పుతో అయిపోలేదు

చుండూరు హత్యలు 1991 ఆగస్టు 6న జరిగాయి. పోరాడి సాధించుకున్న ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. కౌసల్య తండ్రికి 2017లో పడిన ఉరిశిక్షను 2020లో మద్రాస్ హైకోర్టు రద్దు చేసి నిర్దోషిగా వదిలేసింది. కింది కోర్టు తీర్పు రోజున పండగ చేసుకున్న చాలామంది అప్పీలు నాటికి లేరు. ప్రణయ్ కేసులోనూ ఉరిశిక్ష అమలు కావాలంటే హైకోర్టు ధ్రువీకరించాలి. ఉరి గురించి మానవ హక్కుల ఉద్యమంలో ఉన్న భేదాభిప్రాయాలను మనం మన సభల్లో చర్చించుకుందాం. ఆ కుటుంబం గుమ్మంలో కాదు.

కాబట్టి సందేశం పంపడం మానొద్దు, పంపే తీరు మార్చుకుందాం. అంతర్జాతీయంగా ఆమ్నెస్టీ లాంటి సంస్థలు 1961 నుంచి నమ్ముకున్న పద్ధతి ఉత్తరమే. ఒక ఉత్తరం అధికారికి, ఒక ఉత్తరం బాధితులకు. ఇక్కడా అంతే. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన నడిచే విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. మీ జిల్లాలో చివరిసారి ఎప్పుడు జరిగింది, ఈ కేసు అందులో చర్చకొచ్చిందా అని రాసి అడగండి. పరిహారం ఏ విడత అందింది, ఏది ఆగింది అని అడగండి.

కుటుంబానికి రాసేటప్పుడు తెలుగులో, చేతిరాతతో, నాలుగు మాటలు చాలు. ఎలా జరిగిందని అడగొద్దు. న్యాయం తప్పక జరుగుతుందని మన చేతిలో లేని హామీ ఇవ్వొద్దు. అడగకుండా ఫొటోలు పెట్టొద్దు, ట్యాగ్ చేయొద్దు. ఆమె ఎలా బతకాలో, మళ్లీ పెళ్లి చేసుకోవాలో వద్దో సలహా ఇవ్వొద్దు. 'మీ తర్వాతి వాయిదా ఎప్పుడు? మాలో ఇద్దరం వస్తాం' అని రాయండి. రాసినట్టు వెళ్లండి.

విద్యార్థి సంఘాలకు ఒక చిన్న పని. వర్ధంతుల క్యాలెండర్ మన దగ్గర ఉంది. దాని పక్కన వాయిదాల క్యాలెండర్ కూడా పెట్టుకుందాం.