గోత్రము వేరైన చాలునా?

శ్రీకూర్మమున శ్వేతపుష్కరిణి యొడ్డున పితృకార్యములు సలుపువారిని గోత్రమడిగినచో తడబడక చెప్పుదురు. పెండ్లిమాటలయందును మొదటి ప్రశ్న యదియే. గోత్రము వేరుగదా, మేనరికమునకేమి దోషమని మనవారి ధీమా. పొలము గట్టు దాటిపోదను ఆశ దానికి తోడు.

గోత్రము మగవరుసను మాత్రమే లెక్కించును. మేనమామ కూతును పెండ్లాడినవాని తల్లియు, ఆ పిల్ల తండ్రియు తోబుట్టువులు. పెండ్లితో ఆమె గోత్రము మారినది, రక్తము మారలేదు. తాతనాటి లోపము కొడుకు వెంట నొక యింటికిని, కూతురి వెంట మరియొక యింటికిని పోయి, మనుమల పెండ్లితో మరల నొకచోట చేరును.

ఒక్క రోగమును చూడుడు. తిన్న యన్నములోని చక్కెర కొంత కాలేయమున గ్లైకోజెనుగా నిలువయుండును. రాత్రివేళ దానిని రక్తములోనికి విడుచుటకు గ్లూకోజు-6-ఫాస్ఫటేసు అను ఎంజైము కావలెను. అది లేని శిశువునకు కాలేయ ముబ్బును. పాలు త్రాగి కొన్ని గంటలు గడచినంతనే చక్కెర పడిపోయి మూర్ఛలు వచ్చును. 1929లో వాన్ గీర్కె ఈ వ్యాధిని వర్ణించెను. ఎంజైము లేమియే కారణమని 1952లో కోరి దంపతులు చూపిరి. దీని జన్యువు తల్లినుండి యొక ప్రతి, తండ్రినుండి యొక ప్రతి వచ్చును. ఒకటి చెడినను మనిషికి బాధ లేదు. చెడినవి రెండును కలిసిననే రోగము. అట్టి దంపతుల ప్రతి కానుపులోను నాలుగింట నొకపాలు ప్రమాదము. చెడిన ప్రతి మేనమామకున్నచో, అతడు చేసికొనిన అక్క కూతురికిని అదే యుండుటకు నాలుగింట నొకపాలు, బావకున్నచో మామ కూతురికి ఎనిమిదింట నొకపాలు అవకాశము. పరాయిపిల్లకు నూటికొకటియైన నుండదు.

మా తాతలును మేనరికమే చేసికొనిరి, మేము గట్టిగా లేమా యందురు. నిజమే, పెక్కిండ్ల పిల్లలు ఆరోగ్యముగానే యుందురు. కాని యిది బ్రతికినవారి సాక్ష్యము. పోయిన పసికందులను దృష్టి తగిలినదని పాతిపెట్టితిమి. ఇక శాస్త్రమా? బౌధాయనుడు దీనిని దక్షిణాదివారి యాచారముగా పేర్కొని, గౌతముని నిరాకరణమును ప్రక్కనే యుంచెను. 1955 నాటి హిందూ వివాహచట్టము ఆచారమున్నచోట అడ్డు చెప్పలేదు, అంతే.

అన్నిటికన్న ఘోరము, బిడ్డ పోగానే కోడలి జాతకమును నిందించుట. ఆ కోడలు అత్తగారి సొంత తమ్ముని కూతురు! చెడిన ప్రతులలో నొకటి తన కొడుకుదే యనియు, దానిని తన పుట్టింటినుండి తానే తెచ్చియుండవచ్చుననియు ఆ యత్తగారి కెవరు చెప్పిరి?

ఇంట నొక శిశువు ఇట్లు పోయియున్నచో, జాతకములకన్న ముందు జన్యుపరీక్ష చేయింపుడు. రోగముతో పుట్టిన బిడ్డను విధికి వదలవలదు. పగలును రేయియు వేళ తప్పక ఆహారమిచ్చుచు, కొంత వయసు వచ్చిన పిదప వైద్యుడు చెప్పిన కొలతను వండని మొక్కజొన్న గంజిపిండిని నీట కలిపి త్రాగించినచో చక్కెర నిలుచునని 1984లోనే తేలినది.